పెనంబయలు మీద పన్నెండు నోళ్ళు

పెనంబయలు మీదుగా గద్ద కూడా ఎగరదు. ఒకవేళ దారితప్పి ఎగిరితే, దాని కళ్ళకు ఆ నేల పొయ్యి మీద పెట్టి మరిచిపోయిన ఇనుప పెనంలా కనిపిస్తుంది. నడుమంతా నల్లరాతి పలక. చుట్టూ ఎర్రటి ఇసుక అంచు. ఆ అంచు కణకణలాడుతుంటే దూరాన ఆకాశం కూడా కాగిన నూనెలా కదులుతూ ఉంటుంది. చెట్టు లేదు, చెలమ లేదు. బుద్ధెరిగిన చీమ ఆ దారిన పోదు.

ఆ పెనం నట్టనడుమ, రెండవనాటి మిట్టమధ్యాహ్నం, పన్నెండు మంది మనుషులు నాలుగు ఒంటెలను తోలుకుంటూ హాయిగా పాటలు పాడుకుంటూ పోతున్నారు.

ఆ హాయి చూసే కొమ్మసాని గుండెలో రాయి పడింది.

కొమ్మసాని తిత్తివారి ఆడపడుచు. ఇరవై ఆరేళ్ళ మనిషి. తోలుతిత్తుల్లో నీళ్ళు నింపుకుని బాటసారులను పెనంబయలు దాటించడం తిత్తివారికి తరతరాలుగా వస్తున్న వృత్తి. ఈసారి ఆమె దాటిస్తున్నది మామూలు బాటసారులను కాదు. ముందు నడుస్తున్న ఆ పొడగరి హేలాపురి యువరాజు అరుణకేతు. ఉప్పు వర్తకుడి వేషంలో ఉన్నాడు. అతని వెనక గుబురు మీసాల మనిషి దళపతి బల్లహుడు. ఆ వెనక తొమ్మిది మంది సైనికులు, అందరూ ఉప్పు మూటల కూలీల వేషంలోనే.

అరుణకేతు చెల్లెలు మందారికను శుష్కదంతుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయి గవ్వలకోటలో బంధించాడు. మూడవనాటి సూర్యాస్తమయానికి ఆమె మెడలో తాళి కడతానని నాలుగు దేశాల్లో చాటింపు వేయించాడు. కొండదారిన పోతే కోటకు తొమ్మిది రోజులు. పెనంబయలు మీదుగా పోతే మూడే రోజులు. అందుకే యువరాజు తిత్తివారి వాడకు వచ్చి తలుపు తట్టాడు. వాడంతా తలలు దించుకుంటే కొమ్మసాని ఒక్కతే తిత్తి భుజానికెత్తింది.

"పన్నెండు మందిమి పోతున్నాం. పన్నెండు మందిమీ గవ్వలకోట గుమ్మం తొక్కుతాం. ఒక్కరు తగ్గినా ఈ తిత్తి మళ్ళీ భుజానికెత్తను," అని పెద్దల ముందు ఒట్టు పెట్టింది.

అంత తెగింపుకు కారణముంది. ఏడేళ్ళ కిందట ఆమె తండ్రి చెన్నప్ప ఇదే బయలు మీద చచ్చిపోయాడు. పక్కనే తిత్తి ఉంది. తిత్తి నిండా నీళ్ళున్నాయి. మూతి తాడు కూడా విప్పలేదు. నీళ్ళు పెట్టుకుని ఎండి చచ్చిన తిత్తివాడని ఊరూవాడా నవ్వింది. ఎందుకలా జరిగిందో ఈనాటికీ ఎవరికీ తెలియదు.

ఇప్పుడు ఆమె చూపు ఒంటెల నడుములకు బిగించిన పట్టీల మీద ఉంది. బయల్దేరినప్పుడు పదహారు తిత్తులు. ఈ వేళకు ఎనిమిది ఖాళీ అయి, పట్టీలు వదులై, ఒంటెలు తేలిగ్గా అడుగులేస్తూ ఉండాలి. పట్టీలు బిగువుగానే ఉన్నాయి. తడిమి చూసింది. రెండే ఖాళీ.

'నీళ్ళు మిగిలాయంటే సంతోషించాల్సింది పోయి, ఇదేం దిగులు నాకు?' అనుకుంటూనే మనుషులను ఒక్కొక్కరినే గమనించసాగింది. చల్లగాలి వీస్తోంది. ఆ గాలిలో వట్టివేళ్ళ పరిమళం. ఎవరి ముఖానా అలసట లేదు. కానీ ఎవరి వీపునా చెమట కూడా లేదు. నిన్నటి చెమట ఆరి, చొక్కాల మీద తెల్లటి ఉప్పు గీతలు మిగిలాయి. పెదవుల మీద నెర్రెలు. పొద్దున్నించి ఒక్కడంటే ఒక్కడు పక్కకు వెళ్ళిరాలేదు.

పాటకు శ్రుతి కలుపుతున్న సైనికుడు సింగన ఎప్పుడో ఆగిపోయాడు. వాడు ఊరుకునే రకం కాదు. తన ఒంటెకు మేనత్త పేరు పెట్టుకుని, "మా అత్త నడక చూడండి, పెళ్ళి భోజనానికి ఆలస్యమైనట్టు" అంటూ నిన్నంతా నవ్వించినవాడు. ఇప్పుడు ఒంటె ముక్కుతాడు పట్టుకుని వెర్రిచూపులు చూస్తున్నాడు.

"ఏమయ్యా సింగన్నా, మీ అత్త అలిగిందా?" అంది కొమ్మసాని.

"ఏ అత్త?" అన్నాడు సింగన. కాసేపు ఆమెను తేరిపార చూశాడు. "అక్కా, మనం ఎక్కడికి పోతున్నాం?"

కొమ్మసాని వాడి చెయ్యి లాక్కుని, వెనక తోలును రెండు వేళ్ళతో గిల్లి పైకి లాగి వదిలింది. వదిలిన తోలు కిందికి దిగలేదు. డేరాలా అలాగే నిలబడింది. ఆమె ఒంటె మెడలోని గంట ఊడబెరికి గణగణా మోగించింది.

"ఆగండి. అందరూ నీళ్ళు తాగండి."

"ఎందుకు?" అన్నాడు అరుణకేతు వెనక్కి తిరిగి. "మాకెవరికీ దాహం లేదు కదా."

"చివరిసారి ఎప్పుడు తాగారు దొరా?"

"నిన్న పొద్దున బయల్దేరేటప్పుడు. నా మనుషులందరూ తాగాకే తాగుతానని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. వాళ్ళు అడగలేదు. నేనూ తాగలేదు."

"మరి మీరు, దళపతిగారూ?"

బల్లహుడు మీసం దువ్వాడు. "హేలాపురిలో ఏలిక పెదవి తడవందే బంటు పెదవి తడవదు. మా ముత్తాతల నాటి మర్యాద అది. నీవంటి దారిమనిషికి తెలియకపోవచ్చు."

"అంటే ఆయన మీకోసం ఆగారు. మీరు ఆయన కోసం ఆగారు. చల్లకొచ్చి ముంత దాచుకున్నట్టుంది మీ వరస. ఈ మర్యాద సాగినన్నాళ్ళూ నీళ్ళకు ఏ లోటూ రాదులెండి, మనుషులకే."

"నోరు అదుపులో పెట్టుకో," అన్నాడు బల్లహుడు. మాట ముద్దగా వచ్చింది. చెయ్యి పైపంచె కింద దాచిన కత్తిపిడి మీదికి పోయింది. నిన్న తేలు మీద అడుగేసిన సైనికుణ్ణి భుజాన మోసిన మనిషి ఇతనే. అలాంటివాడు ఒక మాటకే కత్తి పట్టడం చూసి కొమ్మసానికి అనుమానం బలపడింది. తన చెయ్యి తాను గిల్లుకుంది. తన తోలూ కిందికి దిగలేదు.

 తనకూ దాహం లేదు. తిత్తివారి పిల్ల, గుక్క విలువ తెలిసిన మనిషి, నిన్నటి పొద్దు నుంచి నీళ్ళ ఊసే తలచుకోలేదు. 'దాహం చెప్పినప్పుడు తాగు, దాహమే గురువు' అని తిత్తివారిలో ఉగ్గుపాలతో నేర్పే మాట. ఆ గురువు నోరు ఎవరో నొక్కేశారు. తన తండ్రి ఎందుకు తిత్తి విప్పలేదో ఏడేళ్ళ తర్వాత ఆ క్షణాన ఆమెకు అర్థమైంది.

"దొరా, ఈ చల్లగాలి అబద్ధం. మన దాహాన్ని ఎవరో దొంగిలించారు," అంది.

"దాహాన్ని దొంగిలించడమా? ఎండ తలకెక్కిందా ఈ పిల్లకు?" అన్నాడు బల్లహుడు.

కొమ్మసాని ఒంటెల దాణా సంచిలోంచి గుప్పెడు జొన్నలు తీసి నల్లరాతి మీద చల్లింది. అందరూ వంగి చూశారు. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేలోగా జొన్నలు టపటపా పేలి తెల్లగా విచ్చుకున్నాయి. వట్టివేళ్ళ వాసన మధ్య పేలాల కమ్మటి వాసన లేచింది.

 వాళ్ళు చలువపందిరి కింద నడుస్తున్నామనుకుంటున్న నేల అది.

సరిగ్గా అప్పుడే సింగన మొదలు నరికిన అరటిచెట్టులా కూలిపోయాడు.

అరుణకేతు వాణ్ణి ఒడిసిపట్టి ఒంటె నీడలోకి లాగాడు. "తాగుతాను, కొమ్మసానీ, ఇదుగో ఇప్పుడే తాగుతాను. కానీ నా ఒట్టు..."

"మీ ఒట్టూ నిలుస్తుంది, దళపతిగారి మర్యాదా నిలుస్తుంది. గంట కొడతాను. గంటతో పాటే పన్నెండు నోళ్ళూ ఒక్కసారి తాగాలి. ఎవరూ ముందు కాదు, ఎవరూ వెనక కాదు."

బల్లహుడు ఆలోచించాడు. ఎటునుంచి చూసినా ఆ మాటలో తప్పు దొరకలేదు. దొరకలేదన్న కోపంతోనే కొబ్బరిచిప్ప అందుకున్నాడు.

గంట మోగింది. నోళ్ళు తెరుచుకున్నాయి. దాహం లేని నోటికి నీళ్ళు ఎలా ఉంటాయో ఆ పూట వాళ్ళకు తెలిసింది. పిండి బొక్కినట్టు, ఇసుక నమిలినట్టు. ఇద్దరు ఉమ్మేశారు. అరుణకేతు మాత్రం వీరుడు కదా, తిత్తి ఎత్తి గటగటా తాగేశాడు. తాగినంతా మరుక్షణంలో కక్కేశాడు.

"ఎండిన మట్టిలో బిందె కుమ్మరిస్తే పైపైనే జారిపోతుంది దొరా. చిలకరిస్తే ఇంకుతుంది," అంటూ కొమ్మసాని తడిగుడ్డ చుట్టిన కుండ మూత తీసింది. అందులో తరవాణి ఉంది. అన్నమూ గంజీ కలిపి మూడు రాత్రులు పులియబెట్టిన పుల్లటి తేట. చెంబుడు నీళ్ళలో రెండు గరిటెల తరవాణి వేసింది. మూట విప్పి మూడువేళ్ళకు వచ్చినంత ఉప్పు వేసింది. ఒక సైనికుడు ఉదారంగా గుప్పెడు వేయబోతే చేతి మీద కొట్టింది.

"ఊరగాయ పెట్టడం లేదు నాయనా. ఉప్పు తక్కువైతే ఒంట్లో నీరు నిలవదు. ఎక్కువైతే ఉన్న నీరూ పోతుంది."

తలల మీద తడిగుడ్డలు పడ్డాయి. సింగన నోట్లో ఆమె చుక్క చుక్కగా వేలితో వేసింది. పది చుక్కలు. ఆగడం. మళ్ళీ పది. గంట మోగినప్పుడల్లా మిగతావారు ఒక గుక్క. నీడ జానెడు జరిగేసరికి సింగన కనురెప్పలు కదిలాయి.

"ఏం పులుపే అక్కా ఇది," అన్నాడు. "మా మేనత్త మజ్జిగ ఇలాగే ఉంటుంది."

అందరూ పెద్దగా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఒకడు లేచి సిగ్గుపడుతూ పక్కకు వెళ్ళాడు. వెనక ఇంకొకడు. కొమ్మసానికి ఆ రోజు అంత శుభవార్త మరొకటి లేదు.

*

మూడవనాడు తెల్లవారింది మొదలు గంట ఆగలేదు. నీడ బెత్తెడు జరిగితే గంట. గంట మోగితే గుక్క. ఎవరికీ దాహం లేదు, ఎవరూ కాదనలేదు. బల్లహుడైతే గంట ఒక్క రవ్వ ఆలస్యమైనా, "ఏమమ్మా, నిద్రపోతున్నావా?" అని గద్దించడం మొదలుపెట్టాడు.

శుష్కదంతుడికి ఈ సంగతి తెలియకుండా ఉంటుందా? జామెడు పొద్దెక్కగానే పడమట ఆకాశం మీద నల్లమచ్చ కనిపించింది. మచ్చ మబ్బైంది. మబ్బుకు రెక్కలొచ్చాయి. ఇనుపముక్కు రాబందులు. ఒక్కొక్కటి దూడంత. రెక్కలు ఆడిస్తుంటే కమ్మరికొలిమి తిత్తులు ఊదినట్టు వేడిగాలి కొట్టింది.

"మనుషుల కోసం కాదు, నీళ్ళ కోసం వస్తున్నాయి. తిత్తులు కాయండి," అని అరిచింది కొమ్మసాని.

ఉప్పు మూటలు తెగిపడ్డాయి. లోపల దాచిన కత్తులు ఎండలో తళతళలాడాయి. అరుణకేతు ఒంటె మూపు మీదికి ఒక్క గంతులో ఎక్కి, మొదటి రాబందు మెడను గాలిలోనే నరికాడు. అది పడ్డచోట ఇసుక భగ్గున మండింది. రెండవది వెనకనుంచి వచ్చి రెండు తిత్తులు చీల్చేసింది. నీళ్ళు రాతి మీద పడి ఛుయ్యిమని ఆవిరైపోయాయి. బల్లహుడు ఒక తిత్తిని కడుపుకు హత్తుకుని బోర్లా పడుకుంటే, వీపు మీద ఇనుపముక్కులు దిగాయి. అతను తిత్తి వదల్లేదు. సింగన చేతికి ఏ కత్తీ దొరక్క వంటకుండ మూత పట్టుకుని, వచ్చినదాని ముక్కు మీద వచ్చినట్టే మోగించాడు. కొమ్మసాని ఉప్పు గుప్పిళ్ళతో తీసి పక్షుల కళ్ళలో కొట్టింది. గుడ్డివైన రాబందులు ఒకదాన్నొకటి పొడుచుకుంటూ గిరికీలు కొట్టి, అరుణకేతు కత్తికి దొరికినవి దొరికి, మిగిలినవి పడమటికి పారిపోయాయి.

ఒంటెలు బెదిరి, మీదున్న తిత్తులతో సహా తాళ్ళు తెంపుకుపోయాయి. మనుషులు పన్నెండు మందీ ఉన్నారు. తిత్తులు మాత్రం మూడే మిగిలాయి, ఉప్పు మూట ఒకటే.

"మూడు చాలునా?" అన్నాడు అరుణకేతు.

"గంట నేను కొడితే చాలు. మీ ఆత్రం కొడితే చాలదు," అంది కొమ్మసాని. "దళపతిగారూ, ఆ వీపు ఇటు తిప్పండి."

"ముందు గంట కొట్టమ్మా," అన్నాడు బల్లహుడు.

పొద్దు వాలుతుండగా గవ్వలకోట కనిపించింది. లక్షల గవ్వలు అతికించిన గోడలు ఎర్రటెండలో దానిమ్మగింజల్లా మెరుస్తున్నాయి. బురుజుల మీద మూడు వందల మంది విలుకాళ్ళు. అందరికంటే ఎత్తున ఒంటిస్తంభపు మేడ. దాని కిటికీలో ఒక తెల్లని పైట చెంగు రెపరెపలాడింది. చెల్లెలి పైట గుర్తుపట్టి అరుణకేతు పరుగందుకోబోయాడు.

కోట ఇంకా బాణపు వేటు దూరాన ఉండగానే దారి పక్కన చలివేంద్రం ఎదురైంది. తాటాకు పందిరి. వరసగా ఆరు కొత్త కుండలు. మెడలకు మల్లెదండలు. చంకలో సొరకాయ బుర్ర వేలాడేసుకున్న పండు ముసలవ్వ, బోసినోటితో నవ్వుతూ పిలిచింది.

"రండి నాయనా. ఎంత దూరం నుంచి వస్తున్నారో. కుండనీళ్ళు, ఏలకులు వేశాను. కడుపునిండా తాగి పోండి."

సైనికులు పందిరి వైపు కదిలారు. కొమ్మసాని చేతులు అడ్డం చాపింది. ఆమె కళ్ళు ముసలవ్వ ముఖాన లేవు, కుండల అడుగున ఉన్నాయి. చల్లటి నీళ్ళున్న కొత్త కుండకు చెమట పడుతుంది. కింద ఇసుక తడుస్తుంది. ఆ కుండల కింద ఇసుక పొడిపొడిగా ఉంది. ముంత దగ్గర చిన్న బురద గుంట లేదు. తడికి వచ్చే ఈగ ఒక్కటి లేదు. చుక్క నేలరాలని చలివేంద్రం ఆమె పుట్టి ఎక్కడా చూడలేదు.

"అవ్వా, ఇంత ఎండలో కూర్చున్నావు. ముందు నువ్వు ఒక గుక్క తాగు," అంటూ ముంత ముంచి చాపింది.

"నాకు దాహం లేదమ్మా."

"దాహం లేనివాళ్ళకే రెండు రోజులుగా గంట కొడుతున్నాను. తాగు."

ముసలవ్వ నవ్వు ఆగింది. చంకలోని బుర్రను చేత్తో గట్టిగా అదుముకుంది. అందులోంచి తేనెపట్టులో వచ్చే రొద వినిపించింది. ఒక్కటి కాదు, వందల గొంతుల రొద. దొంగిలించిన దాహాలు ఎక్కడున్నాయో కొమ్మసానికి ఇంకెవరూ చెప్పాల్సిన పని లేదు. ముంతలోని నీళ్ళు ముసలవ్వ ముఖాన కొట్టింది. అవి నీళ్ళు కావు, కాగిన ఇసుక. రెండో చేత్తో బుర్ర తాడు తెంపేసింది.

పందిరి భళ్ళున ఎగిరిపోయింది. ముసలవ్వ తాటిచెట్టంత ఎదిగింది. ఎండిన చింతకట్టెలాంటి శరీరమూ పారల్లాంటి పళ్ళూ బయటపడ్డాయి. శుష్కదంతుడు. వాడు చాపిన చెయ్యి కొమ్మసాని జుట్టు అందుకునేలోపు ఆమె బుర్రను గాలిలోకి విసిరింది. "దొరా!"

అరుణకేతు ఎగిరి పట్టుకున్నాడు. మాంత్రికుడి పిడికిలి అతణ్ణి పది బారల దూరం నెట్టింది. పడుతూ పడుతూ బుర్రను బల్లహుడి వైపు విసిరాడు. గాయపడిన వీపు సహకరించక బల్లహుడు తడబడ్డాడు. బుర్ర చేతులు జారింది. నల్లరాతి మీద పడింది. చిట్లింది.

అందులోంచి ఏదో బయటికి వచ్చింది. దానికి రంగు లేదు, ఆకారం లేదు. కందిరీగల గుంపు మీద నుంచి పోయినట్టు ఒక్క రొద మాత్రం నలుమూలలకూ పాకింది. ఆ వెంటనే వట్టివేళ్ళ చల్లగాలి ఠక్కున ఆగిపోయింది. పెనంబయలు వేడి అంతా ఒక్కసారిగా వాళ్ళ మీద విరుచుకుపడింది.

శుష్కదంతుడు గొంతు పట్టుకున్నాడు. నాలుక బారెడు బయటికి వచ్చింది. తన దాహాన్ని కూడా వాడు ఆ బుర్రలోనే దాచుకున్నాడు మరి. సుడిగాలి ఎక్కి కోట మీదుగా ఒంటిస్తంభపు మేడకు పారిపోయాడు.

వాడు పోయాడు గాని, అసలు ప్రమాదం అప్పుడే మొదలైంది. రెండు రోజుల దాహం, అణాపైసలతో సహా అన్నట్టు, అందరి గొంతుల్లోకీ ఒకేసారి తిరిగివచ్చింది. ఎముకల్లో మంట. కళ్ళలో నిప్పులు. నలుగురు సైనికులు తిత్తుల మీదికి లంఘించారు. తిత్తి తెరిచి గటగటా తాగితే వాళ్ళు కక్కుకుని చస్తారు. పోరాడి చింపితే మిగతావాళ్ళు ఎండి చస్తారు. కొమ్మసాని తిత్తుల ముందు నిలబడింది. ఆమె గొంతూ మండుతోంది.  గంట ఎత్తి కొట్టింది.

"ఒక్క గుక్క. ఒక్కటే."

బల్లహుడు ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. కత్తి దూసి నేలకు గుచ్చాడు. "గంటకు ఒక గుక్క. రెండో గుక్కకు నోరు తెరిచినవాడు ముందు నాతో మాట్లాడాలి," అన్నాడు బొంగురు గొంతుతో. తన చిప్ప మాత్రం గంటతో పాటే, సరిగ్గా అందరితో పాటే ఎత్తాడు.

గంట. గుక్క. గంట. గుక్క. వేటాడిన కుక్కల్లా రొప్పుతూ పన్నెండు మందీ ఆ దాహాన్ని గుక్క గుక్కగా లొంగదీశారు. మూడు తిత్తుల్లో రెండు ఖాళీ అయ్యేసరికి అందరికీ కళ్ళు కనిపించాయి.

"బురుజులు చూడండి," అన్నాడు సింగన.

మూడు వందల విల్లులు గోడ మీదినుంచి రాలిపడుతున్నాయి. కోట సైనికుల దాహం కూడా ఆ బుర్రలోనే ఉండేది. పొద్దునొక చెంబు, మాపునొక చెంబు పోయిస్తూ మాంత్రికుడు ఇన్నేళ్ళూ వాళ్ళను ఎండలో నిలబెట్టాడు. ఇప్పుడు వాళ్ళు మెట్లు దొర్లుకుంటూ దిగుతున్నారు. కోట తలుపు గడియ లోపలినుంచి ఊడింది. తలుపులు బార్లా తెరుచుకున్నాయి. ఎదురుగా బావి. దాని చుట్టూ తోపులాట.

అరుణకేతు గుమ్మం తొక్కాడు. వెనక బల్లహుడు. ఆ వెనక తొమ్మిది మంది. కొమ్మసాని ఒక్కొక్క తలనూ లెక్కపెట్టి, చివరగా తన కాలు లోపల పెట్టింది. పన్నెండు.

"ఇదే అదను," అన్నాడు బల్లహుడు. "ఒక్కడి చేతిలోనూ ఆయుధం లేదు. సెలవియ్యండి యువరాజా."

"ఆయుధం లేనివాణ్ణి, అందులోనూ దాహంతో ఉన్నవాణ్ణి నరుకుతామా?" అన్నాడు అరుణకేతు. "కొమ్మసానీ, బావి నీది."

ఆమె అప్పటికే బావి గట్టెక్కింది. ఒకడు బొక్కెన ఎత్తి నెత్తిమీద కుమ్మరించుకోబోతే లాక్కుంది. గంట మోగించింది. మూడు వందల తలలు ఆమె వైపు తిరిగాయి.

"వరసలో రండి. ఒక్కొక్కరికి ఒక గుక్క. తాగినవాడు వెనక్కిపోయి మళ్ళీ వరసలో నిలబడాలి. తోసినవాడికి ఆఖరి వంతు. సింగన్నా, ఆ ఉప్పు మూట ఇటు తే."

కాసేపటి కిందట వాళ్ళ గుండెలకు గురిపెట్టిన విలుకాళ్ళు బడిపిల్లల్లా వరస కట్టారు. మొదటివాడు తలనెరిసిన కోటకావలి. మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులూ దోసిలి పట్టాడు. పడమట సూర్యుడు గోడకు మూరెడు ఎత్తున ఉన్నాడు.

అరుణకేతు అతని భుజం పట్టుకున్నాడు. "తాతా, ఆ మేడ తాళంచెవి ఎక్కడుంది?"

ముసలికావలి నోరు తెరిచాడు. మాట పెగల్లేదు.

"ఆగండి దొరా. ముందు తాగనివ్వండి, తర్వాత చెబుతాడు," అంది కొమ్మసాని.

"పొద్దు కుంకుతోంది."

"ఎండిన గొంతును పిసికితే మాట రాదు. నీళ్ళు పోస్తేనే వస్తుంది." ఆమె చిప్పలో నీళ్ళు పోసి, మూడువేళ్ళ ఉప్పు వేసి కలిపి, అతని పెదవులకు ఆనించింది. "మెల్లగా తాతా. ఒక గుక్క. మింగు. ఊఁ, ఇంకొకటి."

మేడ మీద పెళ్ళిబాజా మొదలైంది. సన్నాయి శోకాలు పెడుతున్నట్టుంది. అరుణకేతు పిడికిళ్ళు బిగుసుకున్నాయి. 

ముసలికావలి మూడో గుక్క మింగాడు. కళ్ళలో నీరు తిరిగింది. వేలితో కొమ్మసాని కాళ్ళ కిందికి చూపించాడు.

"ఆ బావిలోనే బాబూ. తాళంచెవి బావి అడుగున దాచాడు. అడుగున వాడు పెంచే మొసలి ఉంది. దాని మెడ గొలుసుకు ఉంది తాళంచెవి."

వరసలో ఉన్న మూడు వందల మందీ ఒక్క అడుగు వెనక్కి వేశారు. అరుణకేతు పాగా విప్పి పారేశాడు, కత్తి పళ్ళ మధ్య పెట్టుకున్నాడు, బొక్కెన తాడు అందుకుని బావి ఒరలోకి జారిపోయాడు.

"తాడు పట్టండి," అంది కొమ్మసాని.

శత్రువులూ మిత్రులూ అన్న తేడా లేకుండా, తడిసిన చేతులన్నీ తాడు మీద పడ్డాయి. అడుగున నీళ్ళు భళ్ళుమన్నాయి. తాడు చేతులను కోసుకుంటూ సర్రున లోపలికి పరుగెత్తింది.